నెలాఖరుకే పడిపోతున్న షుగర్: ఒక ఒంటరి పెద్దావిడ కేసు, ఆమె రేషన్ కార్డు

మాత్రలు వాడే పెద్ద వయసువాళ్లకి షుగర్ పడిపోవడం ప్రతి మెడికల్ వార్డులోనూ చూసేదే. అందులో రాయాల్సినంత వింత లేదు. ఈ కేసు రాస్తున్నది తేదీల కోసం. మూడు నెలల్లో మూడుసార్లు పడిపోయిన ఒక పెద్దావిడ, మూడుసార్లూ 25వ తారీకు దాటాకే పడిపోయింది. ఆ తేదీల వెనక మందుల చీటీకి ఎంత వాటా ఉందో రేషన్ కార్డుకీ అంతే ఉంది.

నేను శ్రీకాకుళం జిల్లాలో ఒక ఏరియా ఆసుపత్రిలో జనరల్ మెడిసిన్ చూస్తాను. మా ఓపీకి వచ్చే అరవై దాటినవాళ్లలో చాలామంది పిల్లలు హైదరాబాదులోనో, విశాఖలోనో, చెన్నైలోనో పనుల్లో ఉంటారు. ఇంట్లో ముసలివాళ్లు ఇద్దరో, ఒక్కరో మిగులుతారు. ఈ పెద్దావిడ ఆ ఒక్కరిలో ఒకరు. ఎవరో పోల్చుకునే వీలు లేకుండా ఊరు, కుటుంబం వివరాలు కొన్ని వదిలేశాను.

వచ్చిన తీరు

2025 జూన్ 27, తెల్లవారుజాము. 108లో తెచ్చారు. వయసు 71. వెంట పక్కింటి కోడలు ఒక్కతే. పిలిస్తే పలకడం లేదు, ఒళ్లంతా చెమట, చీర తడిసిపోయి ఉంది. 108లో ఉన్న టెక్నీషియన్ గ్లూకోమీటర్‌తో చూస్తే 38. దారిలోనే 25 శాతం డెక్స్‌ట్రోజ్ ఎక్కించారు కాబట్టి వార్డుకి చేరేసరికి కళ్లు తెరిచింది. రెండు గంటల తర్వాత 112. ఇంకో రెండు గంటలు గడిచాక మళ్లీ 61.

ఈమె వాడే గ్లిమెపిరైడ్ అనే షుగర్ మాత్రతో ఇలా జరుగుతుంది, అందులోనూ కిడ్నీలు నెమ్మదించిన పెద్దవాళ్లలో. మందు ఒంట్లో ఉన్నంతసేపూ క్లోమం ఇన్సులిన్ వదులుతూనే ఉంటుంది, మనం ఎక్కించిన గ్లూకోజు దాన్ని ఇంకాస్త ఎగదోస్తుంది. అందుకే ఇలాంటివాళ్లని సెలైన్ పెట్టించి, తెలివొచ్చింది కదా అని ఇంటికి పంపకూడదు. మేం 24 గంటలకి పైగా ఉంచి, గంటగంటకీ షుగర్ చూస్తూ, నోటితో తినిపిస్తూ నిలబెట్టాం.

తేరుకున్నాక అడిగాను: "మామ్మా, రాత్రి ఏం తిన్నావు?"

"గెంజి తాగాను బాబూ."

"అంతేనా? అన్నం?"

"బియ్యం నిండుకున్నాయి బాబూ. ఒకటో తారీకు దాకా ఏదోలాగ గడపాల కదా."

"మరి మాత్ర?"

"ఏసుకున్నాను. ఒక్కపూట కూడా మానకూడదని సెప్పినారు కదేటి!"

గర్వంగానే చెప్పింది. షుగర్ మాత్ర మానొద్దని అందరం చెబుతాం. తిండి లేని పూట ఏం చేయాలో మాత్రం చీటీ మీద ఎవరూ రాయరు. మాట వినని రోగుల గురించి మనం వాపోతూ ఉంటాం. ఈమెకి ముప్పు తెచ్చింది మాట వినడమే.

కవర్లో ఉన్న చీటీలు

పాలిథీన్ కవర్లో పాత చీటీలన్నీ దాచుకుంది. ఏప్రిల్ 29న మండల కేంద్రంలో ఒక ప్రైవేటు క్లినిక్: నీరసం, కళ్లు తిరగడం, సెలైన్. అప్పుడు షుగర్ చూసినట్టు ఎక్కడా లేదు. మే 26న ఇంకోచోట: షుగర్ 52, గ్లూకోజు, ఇంటికి. రెండు చోట్లా మందుల్లో మార్పు లేదు. గ్లిమెపిరైడ్ 2 మి.గ్రా., మెట్‌ఫార్మిన్ 500 మి.గ్రా. కలిసిన మాత్ర, రోజుకి రెండుసార్లు, భోజనానికి ముందు. పదకొండేళ్ల షుగర్, అందులో చివరి నాలుగేళ్లు ఇదే మాత్ర.

మూడు తేదీలూ పక్కపక్కన రాసుకుంటే తప్ప ఇది కనపడదు. మూడు సంఘటనలతో ఏదీ రుజువైపోదు, ఆ మాట ఒప్పుకోవాలి. కానీ ఇలాంటిది పెద్ద లెక్కల్లో ముందే కనిపించింది. అమెరికాలో కాలిఫోర్నియా ఆసుపత్రుల చేరికలు తీసుకుని 2014లో అచ్చయిన ఒక అధ్యయనంలో, తక్కువ ఆదాయం ఉన్నవాళ్లు షుగర్ పడిపోయి ఆసుపత్రిలో చేరడం నెల మొదటి వారంతో పోలిస్తే చివరి వారంలో 27 శాతం ఎక్కువగా ఉంది. ఆదాయం బాగా ఉన్నవాళ్లలో ఆ తేడా లేదు. అక్కడ ఫుడ్ స్టాంపులు (పేదలకిచ్చే ఆహార సాయం), జీతాలు, ప్రభుత్వ సాయం నెల మొదట్లో అంది చివరికి అయిపోతాయి. ఇక్కడ పెన్షన్ ఒకటో తారీకున ఇంటికి వస్తుంది, రేషన్ 1 నుంచి 15 లోపల ఇస్తారు. దేశం వేరైనా నెల నడిచే తీరు ఒకటే.

పరీక్షల్లో తేలింది

ఎత్తు 148 సెం.మీ., బరువు 39 కిలోలు, బీఎంఐ 17.8. పిక్క చుట్టుకొలత 27.5 సెం.మీ.; 31 కంటే తక్కువ ఉంటే కండ తగ్గిపోయిందని అనుమానించాలి. వృద్ధుల పోషణ అంచనాకి వాడే ఎంఎన్ఏ చిన్న ప్రశ్నావళిలో 14కి 5 వచ్చింది. ఏడు, అంతకన్నా తక్కువ వస్తే పోషకాహార లోపం ఉన్నట్టే. కుర్చీలోంచి చేతుల ఆసరా లేకుండా అయిదుసార్లు లేవమంటే రెండోసారికే ఆగిపోయింది. పై దవడలో రెండు పళ్లు, కింద అయిదు.

రక్తహీనత ఉంది, హిమోగ్లోబిన్ 9.1. ఎర్రకణాలు మామూలు కంటే పెద్దవి (101), విటమిన్ బీ12 తక్కువ (138). నాలుక నున్నగా, అరికాళ్లలో మంటలు. ఏళ్లుగా మెట్‌ఫార్మిన్ వాడేవాళ్లలో, పాలూ గుడ్డూ తక్కువ తినేవాళ్లలో బీ12 పడిపోవడం ఆశ్చర్యం కాదు. కిడ్నీల పని చెప్పే క్రియాటినిన్ 1.3. చూడ్డానికి చిన్న అంకె. 71 ఏళ్ల ఆడమనిషికి లెక్కకడితే కిడ్నీల వడపోత వేగం (ఈజీఎఫ్ఆర్) 44 వస్తుంది. ఒంట్లో కండే లేనప్పుడు క్రియాటినిన్ తక్కువగానే కనిపిస్తుంది కాబట్టి అసలు కిడ్నీ పని ఇంకా తక్కువే అయి ఉంటుంది.

అన్నిటికంటే మోసం చేసిన అంకె, మూడు నెలల షుగర్ సగటు చెప్పే హెచ్‌బీఏ1సీ: 6.3. 'షుగర్ బాగా కంట్రోల్‌లో ఉంది' అని రాసిన చీటీ కూడా ఆ కవర్లోనే ఉంది. 71 ఏళ్ల వయసు, కిడ్నీ సమస్య, రక్తహీనత, ఒంటరి బతుకు ఉన్న మనిషికి 8 లోపు ఉంటే చాలని మార్గదర్శకాలు చెబుతున్నాయి. సల్ఫొనైల్‌యూరియా (గ్లిమెపిరైడ్ ఆ రకమే) మాత్ర మీద ఉండి 6.3 వచ్చిందంటే మెచ్చుకోవాల్సింది పోయి భయపడాలి. పైగా బీ12 లోపం వల్ల వచ్చే రక్తహీనతలో హెచ్‌బీఏ1సీ ఉన్నదానికంటే ఎక్కువ చూపించే వీలుంది. అంటే నిజమైన సగటు ఇంకా కిందే ఉండొచ్చు.

మతిమరుపుతో ఒకే పూట మాత్ర రెండుసార్లు వేసుకుంటోందేమోనని కూడా చూశాం. ఎవరికి ఎంత బాకీ ఉందో రూపాయితో సహా అప్పజెప్పింది. ఆ అనుమానం అక్కడితో తీరిపోయింది.

బియ్యం ఎక్కడికి పోతున్నాయి?

రోగి ఇంటి సంగతులు డాక్టరు కంటే ఆశా కార్యకర్తకే బాగా తెలుస్తాయి. ఆ ఊరి ఆశాని, మా డైటీషియన్‌ని కూర్చోబెట్టి పెద్దావిడతో మాట్లాడించాను. కార్డు ఉంది. ఆహార భద్రతా చట్టం కింద వచ్చేదే. అందులో అయిదు పేర్లు: కొడుకు, కోడలు, ఇద్దరు మనవలు, ఈమె. మనిషికి 5 కిలోల లెక్కన నెలకి 25 కిలోలు. కొడుకు కుటుంబం హైదరాబాదులో ఒక అపార్టుమెంటులో వాచ్‌మన్ గదిలో ఉంటుంది. బియ్యం అక్కడే తీసుకుంటున్నాడు, మొత్తం 25 కిలోలూ.

ఇందులో చట్టవిరుద్ధం ఏమీ లేదు. ఎక్కడుంటే అక్కడే రేషన్ తీసుకునే వీలిచ్చే 'ఒకే దేశం ఒకే రేషన్ కార్డు' అనే ఏర్పాటు మొదట 2019 ఆగస్టులో ప్రయోగంగా మొదలైన రెండు జంటల్లో ఒకటి ఆంధ్రప్రదేశ్, తెలంగాణలే (రెండోది గుజరాత్, మహారాష్ట్ర). వలస వెళ్లినవాళ్లకి అది నిజంగా మేలు చేసింది, ఆ మేలుని తక్కువ చేయను. కానీ కార్డు ఇంటికి ఒకటి, ఇల్లేమో రెండుగా చీలిపోయింది. ఎవరు ముందు వేలిముద్ర వేస్తే వాళ్లకే బియ్యం. నెల మొదటి రోజుల్లోనే కొడుకు అక్కడ వేలు పెడితే, ఇక్కడ తల్లి డీలరు దగ్గరికి వెళ్లేసరికి మిషన్‌లో సున్నా కనిపిస్తుంది. ఆమె రెండుసార్లు వెళ్లి, వేలిముద్ర అరిగిపోయింది కాబట్టి రావడం లేదనుకుని మానేసింది. వేలిముద్ర అరిగిందన్నది కూడా నిజమే. అందుకే అసలు కారణం ఇంకా లోపలికి పోయింది.

కొడుక్కి ఎందుకు చెప్పలేదని ఆశా అడిగితే, "మనవల నోటికాడ కూడు తీయమంటావేటే?" అని ఆమెనే కసిరిందట. అవతల కొడుకు లెక్క వేరు: అమ్మకి పెన్షన్ నాలుగువేలు వస్తోంది, ఒక్క మనిషి, బియ్యం కొనుక్కుంటుంది. తప్పుబట్టడానికి లేదు. ఫోన్లో మాట్లాడినప్పుడు అతను నిజంగా నిర్ఘాంతపోయాడు.

ఎన్టీఆర్ భరోసా పెన్షన్ 2024 జులై నుంచి 4,000 అయింది. పాత రోజుల్లోని 200, 500లతో పోలిస్తే చాలా పెద్ద మాట. కానీ ఆ నాలుగువేలు ఎలా కరిగిపోతున్నాయో చూడండి. చనిపోయిన భర్త వైద్యానికి చేసిన అప్పు మీద నెలకి 1,500. మందులు, ఆటోలు 900. కరెంటు, గ్యాసు, ఇతరత్రా 400. మిగిలేది 1,200. అందులోంచి నూకలు, నూనె, చింతపండు, ఉల్లిపాయలు, కాస్త పంచదార. ఇరవయ్యో తారీకు దాకా రెండు పూటలా అన్నం. ఆ తర్వాత ఒక పూట. చివరి నాలుగైదు రోజులు గంజి, పక్కింటివాళ్లు పిలిస్తే చోడి (రాగి) అంబలి. శనివారం ఒక్కపొద్దు ఎలాగూ ఉంటుంది. మే 26 సోమవారం అయినా, దానికి ముందు శనివారం ఒక్కపొద్దు, ఆదివారం నూకల జావ అని గుర్తు చేసుకుని చెప్పింది. పాపం, మాత్రలు మాత్రం పూటపూటకీ పడ్డాయి.

అన్నట్టు, మందులకి 900 ఎందుకవుతోంది? అవే మందులు ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో ఉచితం. అయినా మండల కేంద్రంలో 'కంపెనీ మాత్ర' కొంటోంది, సర్కారు మాత్ర పని చేయదని ఎవరో చెప్పారు కనక.

5 కిలోల లెక్క

కొడుకు వదిలేస్తే రావాల్సిన ఆ 5 కిలోలు వచ్చినా సరే, ఎంత? రోజుకి 166 గ్రాముల బియ్యం. సుమారు 590 క్యాలరీలు, 13 గ్రాముల మాంసకృత్తులు. 39 కిలోల మనిషికి కిలోకి 30 క్యాలరీల చొప్పున చూసినా 1,170 కావాలి. కిలోకి ఒక గ్రాము చొప్పున మాంసకృత్తులు 39 గ్రాములు. అంటే రేషన్ పూర్తిగా అందినా శక్తిలో సగం, మాంసకృత్తుల్లో మూడో వంతు. చట్టం రాసినప్పుడు దీన్ని మొత్తం తిండి అనుకోలేదు, ఆసరా అనుకున్నారు. అయిదుగురున్న ఇంట్లో సంపాదించే చేతులు రెండో మూడో ఉంటాయి కాబట్టి అది ఆసరాగానే పని చేస్తుంది. ఒంటరి ముసలివాళ్లకి దానికి తోడయ్యేది ఏమీ ఉండదు.

బియ్యంలో పోషకాలు కలిపి ఇస్తున్నారు కదా అని మా హౌస్ సర్జన్ ఒకరు అడిగారు. 2025లో ఇస్తున్నారు. 2024 మార్చికల్లా చౌక దుకాణాల బియ్యమంతా ఫోర్టిఫైడ్ చేయాలని కేంద్రం పెట్టుకున్న లక్ష్యం. వంద గింజల బియ్యంలో ఒక గింజ చొప్పున ఇనుము, ఫోలిక్ ఆమ్లం, బీ12 చేర్చిన గింజ కలుపుతారు. ప్రమాణాల ప్రకారం కిలో బియ్యంలో బీ12 ముప్పావు మైక్రోగ్రాము నుంచి ఒకటింబావు మైక్రోగ్రాము దాకా. 166 గ్రాములకి లెక్కేస్తే రోజు అవసరమైన 2.2 మైక్రోగ్రాముల్లో పదో వంతు కూడా రాదు. 138 దగ్గర ఉన్న మనిషికి అది మందు కాదు. ఇంకో సంగతి: కొడుకు ఊళ్లో ఉన్న రోజుల్లో, ఇంటికి రేషన్ వచ్చినప్పుడు, ఆ పసుపుపచ్చ గింజల్ని ఏరి పారేసేదట. ప్లాస్టిక్ బియ్యం అని. మా జిల్లాలో ఈ నమ్మకం ఇంటింటా ఉంది. కడిగేటప్పుడు అవి తేలడం చూసి ఇంకా గట్టిపడింది. గింజ ఏమిటో డీలరు దగ్గర ఒక మనిషి నిలబడి చెబితే తీరే సమస్యకి గోడపత్రికలు వేసి ఊరుకున్నారు.

ఏం చేశాం

గ్లిమెపిరైడ్ ఆ రోజే ఆపేశాం. మెట్‌ఫార్మిన్ మాత్రం అదే మోతాదులో, 500 రోజుకి రెండుసార్లు, తిన్న తర్వాత. ఈ కిడ్నీ పనితీరుకి రోజుకి వెయ్యి దాటకూడదు. చీటీ మీద పెద్ద అక్షరాలతో రాశాం: అన్నం తినని పూట మాత్ర లేదు. ఆమెకి చదువు రాదు కాబట్టి పక్కింటి కోడలికి, ఆశాకి చెప్పాం. బీ12 సూదులు మొదలుపెట్టాం, తర్వాత మాత్రలు. మందులన్నీ ఆసుపత్రి నుంచే, నెలకి సరిపడా. దానితో చేతిలో ఆరువందల దాకా మిగిలింది. ఈ కేసులో అన్నిటికంటే తేలిగ్గా దొరికిన ఆహార సాయం అదే అని నా అభిప్రాయం.

తిండి విషయంలో మొదటి అడ్డంకి భయం. కిడ్నీ జబ్బులు ఎక్కువగా ఉన్న ఉద్దానానికి దగ్గరగా ఉన్నాం. ఇక్కడ కిడ్నీ అనే మాట వినపడితే చాలు, జనం పప్పు మానేస్తారు, గుడ్డు మానేస్తారు. ఈమె కూడా ఎవరో చెప్పారని ఏడాదిగా పప్పు ముట్టడం లేదు. కిడ్నీ వ్యాధిలో కిలోకి 0.8 గ్రాముల దగ్గర ఉంచమనే మాట నిజమే. కానీ 2024 అంతర్జాతీయ కిడ్నీ మార్గదర్శకాలే, కండ కరిగిపోయిన బలహీనమైన వృద్ధులకి అంతకంటే ఎక్కువ మాంసకృత్తులు, క్యాలరీలు ఇచ్చే సంగతి ఆలోచించమన్నాయి. ఈమెకి ముందున్న ప్రమాదం కిడ్నీ కంటే ఆకలి. మెత్తగా ఉడికించి మెదిపిన కందిపప్పు రోజుకి 40 గ్రాములు, వారానికి నాలుగు గుడ్లు, ఒక గ్లాసు పాలో పెరుగో. నెత్తళ్లు (చిన్న ఎండు చేపలు) ఇష్టమంది. ఉప్పు పోయేలా వేడినీళ్లలో రెండుసార్లు కడిగి, పొడి చేసి అన్నంలో కలుపుకోమన్నాం. ఏడు పళ్లతో నమలగలిగింది ఇంతే. వేరుశెనగ, శనగలు తినమని రాయడం సులువు, తినేది ఎలా?

ఇక కార్డు. కొడుకుతో ఫోన్లో మాట్లాడాక తాత్కాలికంగా ఒక మార్గం దొరికింది: అక్కడ 20 కిలోలే తీసుకుని 5 వదిలేయడం. ఇలా వేరే ఊళ్లో తీసుకునే ఏర్పాటులో (పోర్టబిలిటీ) కోటా మొత్తం ఒకేసారి తీసుకోవాలని లేదు, కొంత ఒకచోట, మిగతాది ఇంకోచోట తీసుకోవచ్చు. ఈ సంగతి కొడుక్కి తెలియదు, అక్కడి డీలరు చెప్పలేదు. జులైలో ఇక్కడ 5 కిలోలు వచ్చాయి. వేలిముద్ర పడకపోతే కంటిపాప గుర్తు (ఐరిస్) తో తీసుకుంది.

శాశ్వతంగా కావాల్సింది కార్డు విభజన. 2025 మేలో రాష్ట్రంలో కొత్త కార్డులు, విభజన, చేర్పులు, తొలగింపుల దరఖాస్తులు మళ్లీ తీసుకోవడం మొదలైంది కాబట్టి దారి తెరిచే ఉంది. గ్రామ సచివాలయంలో దరఖాస్తు, ఈకేవైసీ, పై అధికారుల ఆమోదం. ఒంటరిగా ఉంటోందని చూపించడానికి మా డిశ్చార్జి సమ్మరీలో 'ఒంటరి నివాసం, ఆహార కొరత వల్ల షుగర్ పడిపోవడం' అని స్పష్టంగా రాశాను. వైద్యుడి చీటీకి అక్కడ నియమం ప్రకారం విలువ లేకపోవచ్చు, కానీ ఫైలు కదిలింది. సెప్టెంబరుకి ఆమె పేరు మీద ఒక్క మనిషి కార్డు వచ్చింది.

దానితో ఊహించని మేలు ఒకటి జరిగింది. 2025 జూన్‌లో ఇంటింటికీ తిరిగే రేషన్ వాహనాలు ఆగిపోయి చౌక దుకాణాలు మళ్లీ తెరిచినప్పుడు, 65 దాటినవాళ్లకి, దివ్యాంగులకి డీలరే ఇంటికి తెచ్చివ్వాలన్నారు. వచ్చే నెల బియ్యం ఈ నెల 26 నుంచి 30 లోపల ఇస్తారు. పాత కార్డుతో అడిగితే, "కార్డులో మీ అబ్బాయి ఉన్నాడు కదా" అని డీలరు పంపేశాడు. కొత్త కార్డుతో ఆ మాట అనడానికి లేదు. ఇప్పుడు సరిగ్గా గింజలు నిండుకునే వారంలోనే బియ్యం గుమ్మంలోకి వస్తున్నాయి. ఎవరు ఏ ఉద్దేశంతో ఆ తేదీలు పెట్టారో గానీ, షుగర్ రోగుల కోసం పెట్టినా ఇంతకంటే బాగా పెట్టలేరు.

ఆరు నెలల తర్వాత

డిసెంబరు చివరికి బరువు 42.5 కిలోలు. మళ్లీ షుగర్ పడిపోలేదు. హెచ్‌బీఏ1సీ 7.6, హిమోగ్లోబిన్ 10.9. కుర్చీలోంచి అయిదుసార్లు 18 సెకన్లలో లేచింది. అరికాళ్ల మంటలు తగ్గాయి, పూర్తిగా పోలేదు. క్రియాటినిన్ 1.3 దగ్గరే ఉంది. పప్పు, గుడ్డు తిన్నందుకు అది పెరగకపోవడం ఆ ఊళ్లో మా మాట కంటే గట్టిగా పని చేసింది. మరో ఇద్దరు పప్పు మొదలుపెట్టారని ఆశా చెప్పింది.

షుగర్ పడిపోవడం ఆగింది మాత్ర ఆపినందువల్లా, బియ్యం వచ్చినందువల్లా? నిజాయితీగా చెప్పాలంటే గ్లిమెపిరైడ్ ఆపితే చాలు, బియ్యం రాకపోయినా చాలావరకు ఆగేది. కానీ బరువు సంగతి వేరు. ఆ మాత్ర ఆపితే బరువు తగ్గాలి తప్ప పెరగకూడదు. మెట్‌ఫార్మిన్ మోతాదు మారలేదు. మూడున్నర కిలోలు తిండి నుంచి వచ్చినవే. బీ12 సరిపడ్డాక ఆకలి పుట్టడం కొంత కలిసొచ్చి ఉంటుంది. ఇది ఒక్క రోగి కథ, అంతకుమించి దీని మీద మోపను.

అన్నీ అనుకున్నట్టు జరగలేదు కూడా. కార్తీక మాసమంతా గుడ్డు, నెత్తళ్లు బంద్. దానికి బదులు పెరుగు పెంచమన్నాం, పెంచలేదు. చౌక దుకాణంలో కందిపప్పు వచ్చిన నెల వచ్చింది, రాని నెల లేదు. రాని నెల బజారు ధరకి కొనలేక పావు కిలోతో సరిపెట్టింది. నవంబరులో బరువు అరకిలో తగ్గింది కూడా.

పథకాల మధ్య ఖాళీ

ఈమె కోసం తిరుగుతున్నప్పుడు తేలిందేమిటంటే, కాగితం మీద వృద్ధుల ఆకలికి కొరత లేనన్ని ఏర్పాట్లున్నాయి. 2000లో వచ్చిన అన్నపూర్ణ పథకం, పెన్షన్‌కి అర్హత ఉండి అందని 65 ఏళ్లు దాటినవాళ్లకి నెలకి 10 కిలోలు ఉచితంగా ఇమ్మంది. 2001 నవంబరు 28న సుప్రీంకోర్టు ఇచ్చిన ఆదేశంతో అది, అంత్యోదయ (నిరుపేదల రేషన్ కార్డు), వృద్ధాప్య పెన్షన్ అన్నీ దయగా ఇచ్చేవి కాకుండా హక్కులయ్యాయి. అంత్యోదయ కార్డు ఇంటికి 35 కిలోలు ఇస్తుంది, ఇంట్లో ఒకరున్నా ఏడుగురున్నా. ఏ ఆధారమూ లేని అరవై దాటినవాళ్లు, వితంతువులు ఆ కార్డుకి ముందు వరసలో ఉండాలని నిబంధన. కానీ అంత్యోదయ కార్డుల సంఖ్య దేశం మొత్తానికి కట్టేసి ఉంది. ఒకరు ఖాళీ చేస్తేనే ఇంకొకరికి. దాంతో ఒకే వీధిలో ఒక ఒంటరి ముసలమ్మకి 35 కిలోలు, పక్కింటి ముసలమ్మకి 5 కిలోలు. నడుమ మెట్టు లేదు. పెన్షన్ వస్తోంది కాబట్టి అన్నపూర్ణ ఈమెకి వర్తించదు.

పట్టణాల్లో 2024 ఆగస్టు నుంచి మళ్లీ తెరిచిన అన్న క్యాంటీన్లలో 5 రూపాయలకి భోజనం దొరుకుతుంది. ఈమె ఊరి నుంచి దగ్గర్లోని క్యాంటీన్‌కి ఆటోకే 40 అవుతుంది. ఊళ్లో అంగన్‌వాడీ ఉంది, గుడ్లూ పాలూ వస్తాయి, వంటా జరుగుతుంది. కానీ గర్భిణులకి, బాలింతలకి, చిన్నపిల్లలకి. తమిళనాడులో వృద్ధాప్య పెన్షన్‌దారులు బడి మధ్యాహ్న భోజన కేంద్రంలో తినే వీలు ఏనాడో కల్పించారు. మన దగ్గర పొయ్యి వెలుగుతున్న చోటే ఒంటరి పెద్దవాళ్లకి ఒక ప్లేటు పెట్టడానికి కొత్త భవనం అక్కర్లేదు. మంత్రిత్వ శాఖలు వేరు అన్నదే అడ్డంకి అయితే అది తీర్చలేనిది కాదు.

దేశంలో 60 దాటినవాళ్లలో నాలుగో వంతుకి పైగా బరువు తక్కువ ఉన్నారని 2017–18లో జరిగిన వృద్ధాప్య సర్వే, లాసీ, తేల్చింది. ఐదో వంతుకి పైగా అధిక బరువు ఉన్నవాళ్లూ ఉన్నారు. షుగర్ అంటే లావుగా ఉన్నవాళ్ల జబ్బు అనే ఊహతో 'అన్నం తగ్గించండి' అని అందరికీ ఒకే చీటీ రాయడం అలవాటైపోయింది. 39 కిలోల మనిషికి కూడా అదే చీటీ. ఈమె కవర్లో అదీ ఉంది.

ఓపీలో మార్చింది

షుగర్, బీపీ ఓపీలో అరవై దాటి, సల్ఫొనైల్‌యూరియా గానీ ఇన్సులిన్ గానీ వాడుతున్న ప్రతి ఒక్కరినీ నర్సు ఇప్పుడు కొన్ని మాటలు అడుగుతుంది. ఇంట్లో ఎవరెవరు ఉంటారు, కార్డులో ఎవరెవరు ఉన్నారు, బియ్యం ఎవరు ఎక్కడ తీసుకుంటున్నారు, నెలాఖరుకి ఎన్ని పూటలు తింటున్నారు, ఒక్కపొద్దులు ఎప్పుడు. ఇంటి మనుషులు, కార్డు మనుషులు ఒకటి కాకపోతే చీటీ మీద గుర్తు పెడుతుంది. బరువు 45 కిలోల లోపుంటే పిక్క కొలుస్తుంది. షుగర్ పడిపోయి వచ్చినవాళ్ల తేదీని రిజిస్టరులో వేరే గడిలో రాస్తున్నాం. ఇంకా కొన్ని నెలలు పోగయితే తప్ప దాని మీద మాట్లాడను.

ఈ పెద్దావిడ విషయంలో మిగిలిన పనులు మూడు. అంత్యోదయకి పెట్టిన దరఖాస్తు తహసీల్దారు కార్యాలయంలో ఉంది, ఖాళీ వస్తే చూస్తామన్నారు. జిల్లా ఆసుపత్రి దంత విభాగానికి కట్టుడు పళ్ల కోసం రాశాం. మార్చిలో హెచ్‌బీఏ1సీ, బీ12, క్రియాటినిన్ మళ్లీ చూడాలి. షుగర్ సగటు 8 దాటితే ఇంకో మందు చేర్చాలి, అది షుగర్ పడగొట్టనిదై ఉండాలి. ఈజీఎఫ్ఆర్ 30 కిందికి జారితే మెట్‌ఫార్మిన్ కూడా ఆపాల్సి వస్తుంది.